నరహరితో మింగుడు పందెం

“నోరు తెరువన్నా. మందు లేదు గిండ్ల, ఉత్త పిండే. మింగి, యాడ తట్టిందో చెప్పు.”

నేను ఇడ్లీ వాయి దించుతుంటే నరహరి నా ముక్కు కింద మాత్ర పట్టుకుని నిలబడ్డాడు. కంటపడ్డ ప్రతివాడి చేతా మాత్ర మింగిస్తాడు. ఈ ఒక్క పిచ్చి తప్ప మనిషి బంగారం.

అతను మా దగ్గర్లోని పారిశ్రామికవాడ సచిన్‌లో ఓ మందుల కంపెనీలో పరిశోధకుడు. ఓ పట్టాన లొంగని క్యాన్సర్లకు, సూదులతో ఆసుపత్రిలో పడి ఉండే పని లేకుండా, ఇంట్లోనే వేసుకునే కీమో మాత్రలు తయారుచేస్తాడు. మందున్న మాత్ర ల్యాబు గడప దాటదు. జేబులో తిరిగేవన్నీ అదే ఆకారంలో చేసిన పిండి మాత్రలు.

“లోపట ఎంత గొప్ప మందుంటే ఏం ఫాయిదా అన్నా? ఉడికిన శనగపిండి లోచో లెక్క మెత్తగ జారాలె. గొంతు దాటకుంటే అది గులకరాయే!”

ఆ గులకరాయి మింగని మనిషి మా పేట లింబాయత్‌లో లేడు. అతను షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్ దినేశ్‌భాయ్‌తో సహా అందరూ తలా ఒకటి మింగాల్సిందే. అతను లోపల కనబడితే జనం నడిచిపోయేవారు. మా చెల్లెలి పెళ్లిలో తాంబూలం పళ్లెంలోనూ కొన్ని పెట్టాడు. వియ్యంకుడు దశరథం వక్క అనుకుని కరకరా నమిలేశాడు.

“నమిల్తే ఎట్ల తెలుస్తది మామా? ఇంకోటి వేస్కో!” అంటూ నరహరి పందిరంతా తరిమాడు.

తాను మాత్రం చుక్క నీళ్లు లేకుండా, నడుస్తూ, పడుకుని, ఓసారి తలకిందులుగా కూడా గుటుక్కుమనిపించాడు. అలాంటివాడు ఎల్లవ్వ ముందు ఓడిపోయాడు!

ఎల్లవ్వ మా పక్కింటి మరమగ్గాల రాజమౌళి తల్లి. ఆమెకు క్లోమంలో క్యాన్సర్. డాక్టరు కీమో మాత్రలిచ్చారు. పుట్టి బుద్ధెరిగి మాత్ర మింగని ఎల్లవ్వ, దాన్ని పల్లీల పచ్చడిలో కలిపి దంచుదామని రోలు ముందేసుకుంది. రాజమౌళి కేకకు నేనూ నరహరీ పరుగెత్తాం. నరహరి రోకలి పట్టేసుకున్నాడు.

“అవ్వా, గిది దంచొద్దు! పొడి లేస్తే ఇంట్లున్నోళ్లకు గూడ ఖత్రా!”

“దంచకుంటే నా గొంతుల దిగది బిడ్డా. నాకొద్దు పో. బంద్ చేస్త.”

రాజమౌళి ముఖం పాలిపోయింది. ఈ మందు కాకపోతే ఇవ్వడానికి ఇంకేమీ లేదని డాక్టరు ముందే చెప్పారు.

నరహరి నేల మీద బాసింపట్టు వేసి, జేబులోంచి పిండి మాత్రలు తీశాడు.

“సరే, అసలుది పక్కకు పెట్టు. గివి ఉత్తవే. ఎవలు ముందుగాల మింగుతరో చూద్దాం, పందెం!”

చెరొకటీ నోట్లో వేసుకున్నారు. నరహరి కళ్లు తేలేశాడు, దగ్గాడు, ఛాతీ మీద గుద్దుకున్నాడు.

“గింత చదువు చదివి గోలీ మింగరాదారా నీకు?” ఎల్లవ్వ విరగబడి నవ్వింది. నవ్వు ఆపుకుని నీళ్లు తాగేసరికి, తన మాత్ర ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియలేదు.

రెండోసారీ ఆమే గెలిచింది. మూడోసారి ఆమె చేతిలో పెట్టింది అసలు మాత్ర. ఆ సంగతి చెప్పే పెట్టాడు.

“దా, ఇదీ చూద్దాం!” అంటూ ఎల్లవ్వ మింగేసి, నాలుక బయటపెట్టి చూపించింది.

“యాడ తట్టిందవ్వా?”

“యాడ తట్టలే! నీది దిగిందా లేదా చెప్పు.”

రాజమౌళి గోడకు ఆనుకుని కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. నరహరి గొంతు పట్టుకుని గిలగిలా కొట్టుకుంటూ నా చొక్కా లాగాడు. పిండి మాత్ర అతని బుగ్గలో భద్రంగా ఉంది.

“అన్నా, జర నీళ్లు తేపో,” అన్నాడు నా చెవిలో. “ఉరుకుతున్నట్టు చెయ్యి గని, నిమ్మలంగ రా. అవ్వను ఇంకింత నవ్వనీ.”