సూట్‌కేసులో వచ్చిన గీజర్

మా బావ విజయవాడ నుంచి తెచ్చిన గ్యాస్ గీజర్‌ని ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేదు. సూట్‌కేసు తెరిపించారు. పచ్చళ్ళ డబ్బాలు అటూ ఇటూ తిప్పి చూశారు. మెంతుల పొట్లం దగ్గర ఇద్దరు ఆఫీసర్లు తలలు దగ్గర పెట్టి చాలాసేపు మాట్లాడుకుని, చివరికి దాన్ని చెత్తడబ్బాలో వేశారు. చీరల మధ్య చుట్టి పెట్టిన గీజర్‌ని మాత్రం వేలితో ఓసారి తట్టి, "హీటరా?" అని అడిగి మూసేశారు. ఆ సూట్‌కేసు మొత్తమ్మీద మనిషి ప్రాణం తీయగలిగిన వస్తువు అదొక్కటే. కానీ ఇక్కడి వాళ్ళ భయమంతా విత్తనాలంటే. ఇది మొలకెత్తేది కాదు కదా, దేశానికి ప్రమాదం లేదనుకుని ఉంటారు.

రెండువేల పదహారు ప్రాంతం. అక్కా బావా హామిల్టన్‌లో, రోటోటూనా అనే పేటలో కాపురం. బావకి వెల్లింగ్టన్‌లో ఒక గవర్నమెంటు డిపార్ట్‌మెంటులో కొన్ని నెలల కాంట్రాక్టు దొరికింది. అక్కడ అద్దెలు విని, ఆయన ఇల్లు వెతకడం మానేసి పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, నిలబడితే భుజాలు రెండు వైపులా గోడకి తగిలే స్నానాల గది. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన ఒక అంకుల్ తన ఇంటి వెనక ఖాళీ స్థలంలో పెట్టుకోమన్నాడు. అంకుల్ వాళ్ళ పూర్వీకులు మన వైపు వాళ్ళే. ఆయనకి మిగిలిన తెలుగు మాత్రం నాలుగైదు ముక్కలు. వాటిలో ఎక్కువగా వాడేది "బాగుంది." దేన్ని చూసినా అదే అనేవాడు. మా బావకి ఇలాంటి విమర్శకులంటే ప్రాణం.

నేను ఆక్లండ్ దగ్గర ఆల్బనీలో బిజినెస్ చదువు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. వెల్లింగ్టన్‌లో ఏవో ఇంటర్వ్యూలు ఉన్నాయని వాళ్ళతో వచ్చి, బండిలో డ్రైవరు సీటు పైనున్న అటక మంచం మీద చేరాను. బామ్మర్ది హోదాలో నా పని స్క్రూడ్రైవర్ అందించడం, తిట్లు తినడం.

గీజర్ అవసరం అక్క జుట్టు వల్ల వచ్చింది. బండిలో పాత హీటరు చిన్న ట్యాంకుది. అందులో కాగిన నీళ్ళు అక్క తల తడవడానికి సరిపోయేవి. పట్టించిన కుంకుడు రసం కడుక్కోవడానికి చాలేవి కావు. మొదటి తలంటు రోజునే సగం నురగతో, పళ్ళు టకటకలాడుతుండగా బయటికొచ్చి, "నన్ను రోటోటూనా పంపించెయ్యండి, మీరూ మీ బండీ ఊరేగండి" అంది.

ట్యాంకు లేకుండా నీళ్ళు పారుతూండగానే కాచే హీటర్లు ఇక్కడా దొరుకుతాయి. కాలిఫాంట్ అంటారు. లైసెన్సున్న గ్యాస్‌ఫిట్టరు వచ్చి బిగించాలి, బండి బయటి గోడకే పెట్టాలి. ఈ నిబంధనలు ఇంజనీరింగ్ చదవనివాళ్ళ కోసం పెట్టారని మా బావ నమ్మకం. అందుకే ఆ మధ్య విజయవాడ వెళ్ళినప్పుడు గీజర్ తెచ్చుకున్నాడు. ఆయన మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. రోజంతా ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికి జీతం తెచ్చుకునే మనిషి. తన పని తను చేసుకున్నప్పుడు మాత్రం ఒక్క చూపు చూసి పాస్ చేసేవాడు.

"విజయవాడలో మీ ఇంట్లో ఇరవై ఏళ్ళు బాత్రూములోనే వేలాడింది గీజరు. ఎవడన్నా పోయాడా?"

"పోలేదు బావా. కానీ అది ఇల్లు."

"ఇదీ ఇల్లే. చక్రాలున్నాయంతే. ఆ స్పానర్ ఇలా ఇవ్వు, బిజినెస్ మేనేజ్‌మెంటూ."

ఇంట్లో ఎవరూ ఎందుకు పోలేదో తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. విజయవాడ బాత్రూములో పైన వెంటిలేటర్ ఉండేది. దాని అద్దాల్లో ఒకటి నేను పుట్టకముందే పగిలింది. వేయిద్దాం వేయిద్దాం అంటూ ఎవరూ వేయించలేదు. పైగా అక్కడ గీజర్ తిప్పి బకెట్ నింపుకుని, ఆపేసి, అప్పుడు మగ్గుతో పోసుకునేవాళ్ళం. మంట వెలిగేది కాసేపే. దాని పొగ ఆ కంతలోంచి పోయేది. మా కుటుంబం మొత్తాన్నీ బద్ధకం కాపాడుకుంటూ వచ్చింది. ఇక్కడ బకెట్ పెట్టే చోటే లేదు. షవరు కింద నిలబడాలి, నిలబడ్డంతసేపూ నెత్తిమీద మంట మండాలి.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. పాత హీటరు బండి పక్కగోడలో కూర్చుని ఉంది. బయటివైపు దానికో చిన్న తలుపు, తలుపుకి చీలికలు. దాని ఊపిరంతా అటే. దాన్ని పీకేస్తే గోడలో పెద్ద కంత మిగిలింది. వెల్లింగ్టన్ గాలి మా అనుమతి లేకుండా అందులోంచి లోపలికొచ్చి మంచం మీద దుప్పటి ఎత్తి చూసింది. బావ ప్లైవుడ్ ముక్క కోసి, చుట్టూ సీలెంట్ పూసి, కంత మూసేశాడు. చాలా నీటుగా మూశాడు. అంత శ్రద్ధగా ఆయన చేసిన పని నేను మరొకటి చూడలేదు. స్నానాల గది పైకప్పుకి ఉన్న చిన్న గాలిమూత గాలికి రాత్రంతా ఈల వేస్తోందని దానికి కూడా వెండిరంగు టేపు అంటించాడు. తర్వాత గీజర్‌ని షవరు పక్కన గోడకి బిగించి, గ్యాస్ గొట్టం తగిలించి, అంకుల్ వాళ్ళ కొళాయి నుంచి నీళ్ళ పైపు కలిపాడు.

గిన్నెలు తోమే సబ్బు నురగ తెచ్చి గొట్టం కీళ్ళన్నిటికీ పూశాడు. ఒక్క బుడగా లేవలేదు. ముక్కు పెట్టి వాసన చూశాడు.

"గ్యాస్ లీకు లేదు. టెస్ట్ పాస్."

అక్క పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి ఇచ్చింది. కుళాయి తిప్పగానే గీజర్ చిటచిటలాడి భగ్గుమంది. దాని గుండ్రటి గాజుకంట్లో నీలం మంట. వేడినీళ్ళు ధారగా వచ్చాయి, ఆగలేదు. అంకుల్ తొంగి చూసి, "బాగుంది" అన్నాడు.

ఆ వారమంతా బావ పొద్దున్నే గీజర్ దగ్గర ముక్కుపెట్టి వాసన చూసి ఆఫీసుకి పోయేవాడు. ఆయన స్నానం కాకిస్నానం, ఒంటికి నీళ్ళు తగిలాయని తెలిసేలోపు బయట ఉంటాడు. నేను ఇంటర్వ్యూ ఉంటే తప్ప ఆ గది జోలికి పోలేదు. చలి. అక్క ఒక్కతే పగలు బండిలో కూర్చుని లాప్‌టాప్ మీద ఎవరివో అకౌంట్లు చూస్తూ, నీళ్ళ సుఖం అనుభవించేది. బుధవారం నుంచి తలనొప్పి అంది. వాంతి వచ్చేలా ఉంది అంది. వీధి మూలనున్న డైరీకి, అంటే చిల్లరకొట్టుకి, పాలపాకెట్ కోసం నడిచి వెళ్తే తగ్గిపోతోందట. తిరిగొచ్చి కూర్చుంటే మళ్ళీ మొదలు.

"పనంటే తలనొప్పి, షికారంటే ఆరోగ్యం. ఈ జబ్బు మా ఆఫీసులో అందరికీ ఉంది" అన్నాడు బావ.

"జోకులెయ్యకండి. నిజంగానే కళ్ళు తిరుగుతున్నాయి."

"గాలి చెవుల్లో దూరింది. దూది పెట్టుకో."

శుక్రవారం అక్క నన్ను పిలిచి గీజర్ గాజుకన్ను చూపించింది. "ఒరేయ్, మంట పసుపురంగులో వస్తోందేంట్రా? మొన్న నీలంగా ఉండేది కదా?"

బావని అడిగాం. ఆయన వంగి చూశాడు, వాసన చూశాడు. "నువ్వు పసుపు రాశావు కదా, ఒంటబట్టింది" అన్నాడు. ముగ్గురం నవ్వాం. మంట దీపంలా ముద్దుగానే ఉంది. గాజు చుట్టూ రేకుమీద కాటుక పెట్టినట్టు సన్నగా మసి కూడా పట్టింది.

మళ్ళీ ఆదివారం. దక్షిణం నుంచి గాలి. బండి చక్రాల మీద నిలబడలేక ఊగుతోంది. తలుపు, కిటికీలు అన్నీ బిగించేశాం. పొద్దున్నే మొగుడూ పెళ్ళాలకి మాటామాటా వచ్చింది. అక్క రోటోటూనా వెళ్ళిపోతానంది, బావ కాంట్రాక్టు అయ్యేదాకా ఓపిక పట్టమన్నాడు. అక్క నోరు మూసుకుంది. మా అక్క అలిగితే మాట్లాడదు. మూడుపూటలా వండి వడ్డిస్తుంది, ఒక్క మాట ఉండదు. అందువల్ల తలకి నూనె పట్టించుకుని, కుంకుడు రసం గిన్నె, మగ్గు పట్టుకుని ఆవిడ స్నానాల గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంటే మేం కాస్త తేలికగా ఊపిరి పీల్చుకున్నాం.

బావ ఉప్మాకి ఎసరు పెట్టాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. లోపల గీజర్ గుర్రుమంటోంది.

"ఏమోయ్, ఉప్మాలో జీడిపప్పు వెయ్యనా?" బావ కేకేశాడు.

బావ తలుపు వైపు చెవి పెట్టాడు.

"ఇంకా దిగలేదు కోపం" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "జీడిపప్పుకి కూడా పలకట్లేదంటే ఇది పెద్దదే."

కాసేపటికి మగ్గు కిందపడ్డ చప్పుడయింది. బావ గరిటెతో తలుపు వైపు చూపించి, "ఆయుధప్రయోగం మొదలైంది" అన్నాడు. నేను నవ్వబోయాను. నా తల బరువుగా ఉంది. ఉల్లిపాయల ఘాటు అనుకున్నాను.

నీళ్ళు పడుతున్నాయి. మనిషి మీద పడే నీళ్ళు ఒకే తీరున పడవు. చెయ్యెత్తితే ఒక చప్పుడు, తల వంచితే ఒక చప్పుడు, పక్కకి జరిగితే ఇంకొకటి. ఆ చప్పుడు ఎప్పుడు మారడం మానేసిందో చెప్పలేను. ఒకే ధార, ప్లాస్టిక్ నేల మీద, వానకి చూరు కారినట్టు. బావ గరిటె తిప్పడం ఆపాడు.

"అక్కా!" అన్నాను.

బావ తలుపు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. మా ముందు ఆయన ఎప్పుడూ అక్కని పేరు పెట్టి పిలవడు. పొయ్యి పక్కనున్న పెద్ద స్పానరు తీసుకుని గడియ దగ్గర రెండు దెబ్బలు వేశాడు. పల్చటి తలుపు, అట్టముక్కలా చీలింది. అక్క మూలకి ఒరిగిపోయి ఉంది. తలంతా నురగ. నెత్తిమీద పసుపు మంట హాయిగా మండుతోంది, వేడినీళ్ళు ఆగకుండా పడుతున్నాయి. దుప్పటి లాగి ఆమె మీద వేసి, చంకల కింద చేతులు పెట్టి ఈడ్చుకుంటూ బయట తడిగడ్డి మీద పడుకోబెట్టాం. వారంరోజులుగా మేం కంతలు మూసి మూసి తరిమిన గాలి ఒక్కసారిగా మామీద పడింది. దాన్ని ఆపడానికి ఎవరూ ప్రయత్నించలేదు.

అంకుల్ వంటింటి కిటికీలోంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. ఆయనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. బావ అక్క మొహం రెండు చేతుల్లో పట్టుకుని, "గ్యాస్ వాసన రాలేదురా. నేను రోజూ చూశాను. వాసన రాలేదు" అంటున్నాడు. నాతో కాదు. గడ్డితో.

అంబులెన్సుతో పాటు ఫైర్ ఇంజన్ కూడా వచ్చింది. వాళ్ళలో ఒకాయన చిన్న మీటరు పట్టుకుని బండి మెట్టెక్కి, చెయ్యి మాత్రం లోపలికి చాపాడు. మీటరు వైపు ఓసారి చూసుకున్నాడు. మెట్టు దిగి, మమ్మల్ని ఇంకా దూరం జరగమని చేత్తో సైగ చేశాడు. లీకయిన గ్యాసుకి వాసన ఉంటుందనీ, సరిగ్గా కాలని మంట వదిలే విషానికి రంగూ వాసనా ఏవీ ఉండవనీ తర్వాత హాస్పిటల్లో డాక్టరు చెప్పింది. చాలా మర్యాదగా చెప్పింది. ఈ హీటరు ఎవరు బిగించారని కూడా అంతే మర్యాదగా అడిగింది. మా బావ చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలా.

అక్కకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. కళ్ళు తెరిచింది గానీ చాలాసేపు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది, ఎక్కడో చూసినవాళ్ళను చూసినట్టు. ఆ చూపు నేను మర్చిపోలేదు. తర్వాత మాస్కు కొంచెం పక్కకి జరిపి, "ఉప్మా మాడిపోయిందా?" అంది. బావ అక్కడే, నర్సు ముందే, ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడడం అదే మొదటిసారి. నేను వెళ్ళి కారిడార్లో చేతులు శుభ్రం చేసుకునే ద్రవం చేతులకి రాసుకుంటూ నిలబడ్డాను. చాలాసార్లు రాసుకున్నాను.

అక్క కోలుకుంది. కొన్ని నెలలపాటు మాటల మధ్యలో ఆగిపోయేది. తెలిసిన కూరగాయ పేరు కోసం వెతుక్కునేది. "అదేరా, నల్లగా, తొడిమ ఉంటుంది..." అంటే, "వంకాయ" అని బావ మెల్లిగా అందించేవాడు. ఎగతాళి చేయడం మానేశాడు. ఆ మార్పుకే మాకు ఎక్కువ భయం వేసింది. బండికి లైసెన్సున్న మనిషి వచ్చి బయటి గోడకి కాలిఫాంట్ బిగించి వెళ్ళాడు. కంతలన్నీ తెరిచాం. కాంట్రాక్టు అయ్యాక బండి అమ్మేశారు.

ఆ ఏడాది చివర నేను రోటోటూనా వెళ్ళాను. మామూలు ఇల్లు. నీళ్ళు కరెంటుతో కాగుతాయి, గ్యాసన్నది ఇంట్లోనే లేదు. పొద్దున లేచి చూస్తే బావ స్నానాల గది తలుపు బయట నేలమీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తలుపుకి గడియ లేదు, విప్పేసిన స్క్రూల గుర్తులున్నాయి. లోపల నీళ్ళ చప్పుడు.

"పదిహేడో ఎక్కం చెప్పు" అంటున్నాడు తలుపుతో.

"అబ్బబ్బ, నా కళ్ళల్లో షాంపూ ఉందండీ!"

"ఉండనీ. పదిహేడో ఎక్కం."

అక్క విసుక్కుంటూనే మొదలుపెట్టింది. పదిహేడు ఒకట్లు పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు. నేను కాఫీ పట్టుకుని వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. సగంలో కాసేపు ఆగింది. బావ అరచెయ్యి నేలమీద ఆనించాడు, లేవబోయేవాడిలా. అంతలో పదిహేడు ఏడ్లు నూట ఇరవై తొమ్మిది అంది. తప్పు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన దిద్దలేదు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, పద్దెనిమిదో ఎక్కం అడిగాడు.