నవ్వులేని రాయి

నా చిన్నప్పుడు, నారుమళ్లు పోసే రోజుల్లో, పక్కింటి పిన్ని కూతురు జ్వరంతో పోయింది. నా ఈడుదే. వానొస్తే బడికి ఇద్దరం ఒకే గొడుగు కింద వెళ్లేవాళ్లం. రామచంద్రపురం ఆసుపత్రి నుంచి పిల్లను బండిలో తెచ్చిన నాటి నుంచి పిన్ని ఏడవలేదు, మెతుకు ముట్టలేదు. దొడ్లో నూతి గట్టు మీద కూర్చుండిపోయింది. కూతురికి తలంటి పోసే చోటు అదే. ఎక్కడ నూతిలో దూకుతుందోనని ఆడవాళ్లు చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లేవారు. వాళ్లు అటు తిరగగానే మళ్లీ వచ్చి అక్కడే కూర్చునేది.

నన్ను మాత్రం ఆ ఛాయలకు రానివ్వలేదు. నన్ను చూస్తే కూతురు గుర్తొస్తుందని మా అమ్మమ్మ భయం. మరిచిపోతే కదా గుర్తు రావడానికి! ఆ మాట అప్పుడెవరికీ తోచలేదు. ఏదో తప్పు చేసినదానిలా గోడకు ఇవతలే నిలబడేదాన్ని.

మా మావయ్యకు ఓడలో, ఇంజను గదిలో పని. అప్పుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఒక మధ్యాహ్నం మా అమ్మ చేత గంజి కాయించి, ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని బయల్దేరాడు.

“ఏంట్రా, ఓడలెక్కి నీ బుర్ర ఉప్పెక్కిపోయిందా? ఆ పిల్లనెక్కడికి తీసుకెళ్తున్నావు?” అని అమ్మమ్మ అరిచింది. మావయ్య ఆగలేదు.

పిన్నిని లేవమనలేదు, ఓదార్చనూ లేదు. ఎదురుగా నేల మీద చతికిలబడి, తన ఓడ మరమ్మతుకు ఆగిన ఊరి సంగతి ఎత్తుకున్నాడు. గ్రీసు దేశంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక రేవు. ఎటు చూసినా పొగగొట్టాలు, చమురు వాసన, తుప్పు పట్టి సగం మునిగిన ఓడలు. వాటి మధ్యనే వేల ఏళ్ల నాటి గుడి శిథిలాలు. ఆ గుడి పంటల తల్లిది. కూతుర్ని పాతాళపు రాజు ఎత్తుకుపోతే, ఆ తల్లి ఆ ఊరి నూతి పక్కన రాయి మీద ఇలాగే కూర్చుందట. నవ్వలేదు, ఏమీ ముట్టలేదు. ఆ దుఃఖానికి నేలలో ఒక్క గింజ మొలవలేదట.

“దాన్ని నవ్వులేని రాయంటారండి, అక్కయ్యగారూ. చుట్టూ ఫ్యాక్టరీలు కట్టుకున్నారు గానీ, ఆ చోటు మాత్రం ఆవిడకే వదిలేశారు.”

పిన్ని తలెత్తింది. “కూతురొచ్చిందా?”

మావయ్య గంజి గిన్నె పక్కన పెట్టాడు. వచ్చిందని చెప్పి ఊరుకోవచ్చు.

“ఏడాదిలో కొన్నాళ్లు పంపేవారటండి. అది కథ. మన అమ్మాయి రాదండి.”

గోడ అవతల అమ్మమ్మ “అయ్యో, పాపిష్టోడా” అనడం వినిపించింది. పిన్ని అప్పుడు ఏడ్చింది. పొద్దు వాలేదాకా ఏడ్చింది. ఆడవాళ్లు గుమ్మంలోనే నిలబడిపోయారు, ఎవరూ వచ్చి లాగలేదు. చల్లారిన గంజి కాస్త తాగాక నన్ను దగ్గరికి లాక్కుంది.

“ఎవరేశారే ఈ జడ? వంకరగా ఉంది.”

విప్పి మళ్లీ అల్లింది. చాలా బిగించి అల్లింది. నొప్పి పుట్టినా నేను కదల్లేదు.

పిన్ని మళ్లీ మునుపటి మనిషి కాలేదు. మనసారా నవ్వగా నేను చూడలేదు. కానీ బతికింది.

విలేకరిగా పత్రిక పని మీద కొన్నాళ్లు, వయసు పైబడ్డాక కొన్నాళ్లు, చావు జరిగిన ఇళ్లు ఎన్నో చూశాను. ‘ఊరుకో అమ్మా’ అన్న మాట నా నోట రాదు. వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చుంటాను. నెరిసి పలచబడిన ఈ జుట్టు కుదుళ్లలో, అప్పుడప్పుడూ, ఆ జడ బిగువు తెలుస్తూనే ఉంటుంది.