మామకు కుదిరిన మౌసం

బీదర్ చిద్రిలో మా పక్కింటి శాంతరాజు మామకు ఏ పనికీ మౌసం కుదరదు. చెప్పులు తెగితే వానలు పోనీ, అప్పుడు కొంటానంటాడు. వానలు పోయాక, ఎండలకు తోలు పగులుతుందంటాడు. నా పెళ్లికి పిలవబోతే శుభలేఖ పక్కన పెట్టి, "మాఘంల చేస్తున్నవా? అన్నం జల్ది సల్లారుతది గదరా" అన్నాడు.

అలాంటి మనిషి ప్రేమల అత్తను ఆఫ్రికా తీసుకుపోతానన్నాడు. అత్తకు రెండే కోరికలు. జిరాఫీని కళ్లారా చూడాలి, సముద్రంలో కాళ్లు తడుపుకోవాలి. బీదర్‌లో పుట్టి, బీదర్‌లోనే రిటైరైన టీచరమ్మ. సముద్రమంటే టీవీలో చూసిందే.

జనవరి అంటే మౌసం కాదు. జూలై అంటే అసలే కాదు. ఎదురుచూసి ఎదురుచూసి అత్త కొత్త సూట్‌కేసులో ఉల్లిగడ్డలు పోసుకుంది. నాకైతే ఒళ్లు మండేది. ఈయన మౌసం కుదిరేలోపు ఆమె కోరిక గంగలో కలుస్తుందని భయం.

ఒక ఆదివారం మామ నా ముందే హైదరాబాద్ ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఆగస్టు, సెప్టెంబరు బెస్ట్ సార్. వానలుండవు. గడ్డి ఎండుతది, జంతువులన్నీ నీళ్లకాడికే వస్తయి. బీచ్‌కు గూడ మంచి టైం."

"దుమ్ము లేస్తదా?"

"జీపుల తిరిగితే లేస్తది గద సార్. మొహానికి గుడ్డ కట్టుకోవచ్చు."

"మౌసం గాదు. ఏప్రిల్ల రాసుకో."

"ఏప్రిల్ల ఆడ పెద్ద వానలు సార్. గడ్డి మనిషెత్తు పెరుగుతది, జంతువులు కనవడవు. బీచ్ మీద గొడుగు పట్టుకొని కూసోవాలె."

"గదే మౌసం," అని మామ ఫోన్ పెట్టేశాడు.

ఇక ఊరుకోలేకపోయాను. "పిచ్చి లేసిందా మామా? ఇన్నేండ్లు ఆగి అత్తకు గడ్డి చూపిస్తవా?"

మామ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "కుశనూరు ఊళ్లె కందులు కొడుతుంటే మీ అత్త ఎట్లయిందో మర్సినవా? ఆ దుమ్ముకు దమ్ము లేసి, ఊపిరాడక మాట రాలే, దవాఖానకు ఉరికినం. ఈ యేడే డాక్టరు విమానం ఎక్కొచ్చన్నడు. ఎండల పోతే అందరు సింహాలను చూస్తరు, ఈమె దమ్ముకు పీల్చే మందు పంపు నోట్లె పెట్టుకొని కూసుంటది."

"గా మాట అత్తకే చెప్పొచ్చు గద."

"చెప్తే, నా దమ్ముతోని నీకెందుకు తిప్పలని పోవుడే బంద్ వెడుతది. నన్ను పిచ్చోడనుకోనీ. నాకేమన్న కొత్తనా?"

ఏప్రిల్‌లో వెళ్లొచ్చారు. పలకరిద్దామని పోతే అత్త గుమ్మంలోనే అందుకుంది.

"ఏం జెప్పాలె బిడ్డా, అంత దూరం పోయి గడ్డి జూసొచ్చినం. ఒక్క జిరాఫీ మెడ కనవడ్డది, కింద కాళ్లున్నయో లేవో దేవునికెర్క. సముద్రంల నేను కాళ్లు తడుపుకుంటే వాన నా నెత్తి తడిపింది. జీపు అద్దాలు దించుడు, తడుసుడు, నవ్వుడు. లోకంల ఎవ్వరు పోని మౌసం ఎతికి మరీ తోల్కపోయిండు మీ మామ..."

నాకిచ్చిన చాయ్ చల్లారింది గాని అత్త ఆగలేదు. మామ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టు వింటున్నాడు. నాకు జాలేసింది.

"గిన్ని తిట్లు ఎట్ల పడుతున్నవు మామా?" అన్నాను మెల్లగా.

"మంచిగ ఇను," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నడుమ ఒక్కసారన్న దమ్ముకు ఆగిందా?"