రంగు వెలిసిన చేపలు

మొన్న మునిమనవడి ఐదో పుట్టినరోజుకు చేపల తొట్టి కొనిపెట్టాలని మనవడు నన్ను కూడా వెంటబెట్టుకొని ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ అద్దంలాంటి ఒంటి మీద నీలం, గులాబీ, పచ్చ గీతలున్న చిన్న చిన్న చేపలు ఈదుతుంటే ముచ్చటపడి, ఈ రంగులు పుట్టుకతో వచ్చినవేనా నాయనా అని అడిగాను. దుకాణం అతను ఏమాత్రం తడుముకోకుండా, సూదితో ఎక్కిస్తారమ్మా, పిల్లలకు ఇవే నచ్చుతాయి అన్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎండదెబ్బేమోనని మనవడు సోడా తెచ్చిచ్చాడు గానీ, అది ఎండ కాదు, డెబ్బై ఏళ్ళ కింద నా గొంతులో ఆగిపోయిన అసహ్యం.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ వెనక ఒక పెంకుటింట్లో రెండు గదులు కిరాయికి తీసుకొని ఉండేవాళ్ళం. నాన్న రైల్వే ఉద్యోగి కావడంతో నెలలో సగం రోజులు ఊళ్ళ మీదే ఉండేవాడు. నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఆరు. అంతకు ముందు ఏడాది వచ్చిన జ్వరం వాడి కాళ్ళలోని బలాన్ని తీసుకుపోయింది. పొద్దస్తమానం కిటికీ పక్కన కుర్చీలో కూర్చొని వీధి చూడడమే వాడి లోకం. సాయంత్రాలు నేను వాణ్ణి చంకనెత్తుకొని దగ్గర్లోని బాగేఆం తోటకు తీసుకుపోతే, కొలను గట్టు మీద కూర్చొని మరమరాలు వేస్తూ, పైకి వచ్చే చేపలను చూసి కేరింతలు కొట్టేవాడు. ఇంట్లో కూడా చేపలుంటే బాగుండునని వాడు అన్నది ఆ గట్టు మీదే.

అక్కడ పనిచేసే ముసలి తోటమాలిని మేము మాలీ తాత అనేవాళ్ళం. ఆయనకు చేపల సంగతి తెలిసినంతగా చెట్ల సంగతి కూడా తెలియదేమో అనిపించేది. మేము చేపలు కొంటామనేసరికి చేతిలోని పార పక్కన పెట్టి కూర్చున్నాడు.

“రంగు జూసి మోసపోకు బిడ్డా. మూతి నీళ్ళ మీదికి పెట్టి గుటుకు గుటుకు మంటున్నదా, తీస్కోకు. రెక్కలు ముడుసుకొని మూలకు నిలబడ్డదా, తీస్కోకు. మెతుకు ఏస్తే ఉరికొచ్చిందా, గది గట్టి పాణం. పిల్లల చేతికి గసొంటిదే ఇయ్యాలె.”

కానీ చేపలు కొనిపెట్టే బాధ్యత మా మేనమామ మీద పడింది. అమ్మకు అన్న. ఏదో సర్కారు కచేరీలో గుమాస్తా. ఇస్త్రీ నలగని షేర్వానీ, ఎర్రటి రూమీ టోపీ, ఆబిడ్స్‌లో దొరికే ప్రతి విలాయతీ వస్తువు గురించి సొంత వస్తువులా చెప్పుకునే నోరు, ఇవీ ఆయన ఆస్తులు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నన్ను ఆబిడ్స్‌లోని ఒక పెద్ద దుకాణానికి తీసుకుపోయాడు. గడియారాలు, బిస్కెట్ డబ్బాలు, తాళం తిప్పితే నడిచే బొమ్మల మధ్య ఒక గాజు తొట్టి. అందులో కుంకుమ ఎరుపు చేపలు నాలుగు, చిలకపచ్చవి రెండు. అంత అందమైన వస్తువును నేను అప్పటిదాకా చూడలేదు. కానీ ఆరింటి మూతులూ నీళ్ళ మీదికే ఉన్నాయి, రెక్కలు ఒంటికి అతుక్కొని ఉన్నాయి. మామ చెయ్యి పట్టి లాగి మాలీ తాత మాట చెప్పాను.

“తోటోళ్ళ ముచ్చట్లు గీడ జెప్పకు, నా ఇజ్జత్ తీస్తున్నవ్,” అని పళ్ళు కొరికాడు మామ.

దుకాణదారు పాన్ నములుతూ, “ఫికర్ జెయ్యకున్రి సాబ్, పదేండ్లు బతుకుతయి,” అంటూ మోచేతి దాకా చెయ్యి ముంచి చేపలను కూజాలోకి తోడాడు. ఆయన వేళ్ళు కణుపుల దాకా ఎర్రగా ఉంటే పాన్ మరకలనుకున్నాను.

ఆ సాయంత్రం తమ్ముడి ఆనందం చెప్పలేను. గాజు గిన్నె ఒళ్ళో పెట్టుకొని చేపలన్నిటికీ పేర్లు పెట్టాడు. మర్నాడు పొద్దున వాడి కేక విని పరిగెత్తుకుపోతే, గిన్నెలో నీళ్ళు బీట్‌రూట్ కడిగిన నీళ్ళలా ఉన్నాయి, మీద జిగురు తేలుతోంది, కుళ్ళిన వాసన. నాలుగు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి, ఒంటి మీద ఎరుపు పోయి అక్కడక్కడ పొలుసు లేచిన బూడిద రంగు తోలు కనబడుతోంది. తమ్ముడి అరచేయి ఎర్రగా ఉంది. వాడు దాన్ని నెత్తురనుకున్నాడు.

“నేనేం జెయ్యలే అక్కా, జర ముట్టిన, గంతే,” అన్నాడు.

మధ్యాహ్నానికి మిగిలిన రెండూ పోయాయి. కబురందుకొని వచ్చిన మామ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని గిన్నెలోకి ఒకసారి చూశాడు. ఆయనకు సంగతి అర్థమైంది, నేను ఆ ముఖం చూశాను. అయినా మోసపోయానని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు.

“చేతులు పెట్టి పిసికితే సావయా మల్ల? గసొంటి నాజూకు చేపలను సంపినవ్ పో,” అన్నాడు ఆరేళ్ళ పిల్లవాడితో.

అమ్మ అన్నకు ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ చచ్చిన చేపల వాసన నేను ఎప్పుడో మరిచిపోయాను. ఆ మాట అంటున్నప్పుడు మామ రుమాలులోంచి వచ్చిన అత్తరు వాసన మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు వాంతి వచ్చినంత పనవుతుంది.

ఆ రోజు నుంచి తమ్ముడు దేన్నీ ముట్టడం మానేశాడు. పక్కింటి పిల్లి దగ్గరికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. అన్నం కూడా అమ్మే తినిపించాలి. నేను ఒక చచ్చిన చేపను ఆకులో చుట్టి మాలీ తాతకు చూపిస్తే, ఆయన బొటనవేలితో దాన్ని రుద్ది, ఆ వేలు వాసన చూసి, పక్కకు తిరిగి ఉమ్మాడు. “చీరెలకేసే రంగు బిడ్డా. ఒళ్ళు గీకి ఎక్కించిన్రు. మనుషులేనా!” అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పినా తమ్ముడు నమ్మలేదు. వాణ్ణి ఊరడించడానికి కల్పించానని అనుకున్నాడు.

తర్వాతి వారం మాలీ తాత తన ఊరి వాగులోంచి ఎనిమిది పరిగెలు మట్టికుండలో తెచ్చిచ్చాడు. వేలెడంత చేపలు, వెండి రంగు, తోక దగ్గర నల్లటి చుక్క. గాజు గిన్నె అడుగున ఇసుక పోసి, నాచు వేసి, రోజూ సగం నీళ్ళే మార్చమన్నాడు. మెతుకు పడితే చాలు, ఎనిమిదీ బాణాల్లా వచ్చేవి. తమ్ముడు చూసేవాడు గానీ గిన్నె దగ్గరికి జరిగేవాడు కాదు.

వానలు పడ్డాక ఒక రోజు వాటిలో మూడింటి పక్కలు ఎర్రబడ్డాయి. తెల్లారి మరింత ఎర్రబడ్డాయి. వానాకాలంలో మగ పరిగెలకు ఆ రంగు దానంతటదే వస్తుందని మాలీ తాత నాకు చెప్పే ఉన్నాడు. నేను సంబరపడుతుంటే తమ్ముడు నావైపు పగవాళ్ళను చూసినట్టు చూశాడు. “నువ్వే పూసినవ్ గదా!” అన్నాడు. నేను బిందె తీసుకొని నీళ్ళకు పోయి వచ్చేసరికి కుర్చీలోంచి కిందికి జారి, పాక్కుంటూ పోయి, అన్నిటికంటే ఎర్రటిదాన్ని పట్టుకొని తెల్ల అంగీ అంచుతో రుద్దుతున్నాడు. గుడ్డకు పొలుసులు అంటుకున్నాయి. రంగు అంటలేదు. నేను చేప లాక్కొని నీళ్ళలో వేశాను. అది పక్కకు ఒరిగి కాసేపు కొట్టుకుంది, తర్వాత నిదానంగా నిలదొక్కుకొని నాచు వెనక్కి పోయింది. వాడు ఆ అంగీ అంచును తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“నేను ముడితే సావలే అక్కా,” అన్నాడు. ఆ తర్వాత ఎంతసేపు ఏడ్చాడో.

దసరాకు మామ తన స్నేహితుణ్ణి ఒకాయన్ని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కిటికీలో ఎర్రగా మెరుస్తున్న చేపలను చూపించి, ఏమాత్రం సిగ్గు లేకుండా, “మేమే తెచ్చినం, ఆబిడ్స్ సరుకు,” అన్నాడు. అమ్మ చాయ్ పళ్ళెం పట్టుకొని తల వంచుకుంది, ఊరుకోమని నాకు కళ్ళతోనే సైగ చేసింది. నేను మళ్ళీ ఊరుకున్నాను. కుర్చీలోంచి తమ్ముడే అన్నాడు.

“గవి సచ్చినయి మామా. రంగేసిన చేపలు. గివి మాలీ తాత ఇచ్చిండు.”

గొంతు పెంచలేదు, కోపం చూపలేదు. మామ చాయ్ తాగకుండానే టోపీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కినా తమ్ముడితో మాట్లాడలేదు. వాడి పెళ్ళిలోనూ అక్షింతలు దూరం నుంచే వేశాడు.

ఆ రోజులే వేరని, పెద్దరికమంటే ఆనాటిదేనని నా ఈడువాళ్ళు చెప్పుకుంటుంటే నేనూ తలూపుతాను. కానీ ఆ రోజుల్లో తప్పు చేసిన పెద్దవాడు పిల్లవాడి ముందు ఆ తప్పు ఒప్పుకోవడమనేది నేను ఒక్కనాడూ చూడలేదు. దాన్నే మర్యాద అనుకున్నాం. నిన్న రాత్రి భోజనాల దగ్గర నా మనవడు తన కొడుకును ఊరికే కసురుకొని, కాసేపయ్యాక వాడి పక్కన కూర్చొని, నాదే తప్పురా సారీ అన్నాడు. వాడు సరేనని మళ్ళీ అన్నంలో పడిపోయాడు. అంత తేలిక పని అది. తమ్ముడు పోయి ఏడేళ్ళయింది. మామ ఆ మాట వాడితో అనలేదు, అనడని నాకు అప్పుడే తెలుసు. ఆనాడు ఊరుకున్నందుకు నేనూ అనలేదు.