పన్నెండో గుడ్డ

దయ్యం ఉందని రుజువు చేస్తే మీసం తీయించుకుంటానని నరసరావుపేటలో మైకు పట్టుకుని సవాలు చేసినవాణ్ణి నేను. ముప్పై ఏళ్లలో ఒక్కడూ ముందుకు రాలేదు. అరచేతిలో కర్పూరం వెలిగించినా చెయ్యి ఎందుకు కాలదో, గాల్లోంచి విబూది ఎలా రాలుతుందో నకరికల్లు నుంచి మాచర్ల దాకా ఊరూరా చేసి చూపించాను. దయ్యాలను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఇది చదివాక మీరు నమ్మడం మొదలుపెడితే ఆ తప్పు నాది కాదు.

నా తప్పు వేరే ఉంది.

మా చెల్లెలు విజయకు గర్భసంచి తీయించాల్సి వచ్చింది. మా వైపే ఒక పాత మిషను ఆసుపత్రిలో చేర్చాం. పేరు రాయను. ఎప్పుడో ఒక విదేశీ డాక్టరమ్మ పాతికేళ్ల వయసులో ఓడెక్కి వచ్చి, పెళ్లి చేసుకోకుండా, సొంత దేశం వెళ్లిపోకుండా బతుకంతా నడిపిన ఆసుపత్రి అది. జనం ఆమెను దొరసానమ్మ అనేవారు. ఆవరణలోనే సమాధి ఉంది, దుర్గి ఊరి శిల్పి చెక్కిన రాతి సిలువతో. సేవ ముసుగులో మతం అమ్మిందని ఆమె మీద నేనొక వ్యాసం కూడా రాశాను. విజయకు ఆ సంగతి తెలుసు.

“అన్నయ్యా, దేవుడు లేడని మైకులో చెప్పుకో. ఇక్కడ మాత్రం నోరెత్తమాక. నాకు సూది గుచ్చేది వీళ్లే,” అని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే ఆఖరు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మూడో రోజుకి జ్వరం వచ్చి కడుపు ఉబ్బింది. మామూలేనన్నారు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ మండిపోతోంది, కరెంటు లేదు. వార్డు చివర బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న గదిలో ఎవరో ఆడమనిషి అంకెలు లెక్కపెడుతోంది. తెలుగే, కానీ పెద్దయ్యాక నేర్చుకున్న తెలుగు. ఒక్కో అంకెనూ విడిగా, జాగ్రత్తగా పలుకుతోంది. పదకొండు దగ్గర ఆగింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ పదకొండు దగ్గరే ఆగింది.

మూడోసారికి లేచి వెళ్లాను. తలుపుకి తుప్పుపట్టిన తాళం. కిటికీలోంచి చూస్తే విరిగిన మంచాలు, దుమ్ము, గోడకు వరసగా కొట్టిన మేకులు. మనిషి లేదు. కిటికీ దగ్గర నేను నిలబడి ఉండగానే లోపల గొంతు “పదకొండు” అంది.

అప్పుడే మరియమ్మ వచ్చింది. దొరసానమ్మ ఉన్ననాటి ఆయా, ఇప్పుడు ముసలిది.

“ఏందయ్యా, తాళమేసిన గది కాడ ఏం చేస్తన్నావు?”

“లోపల ఎవరో లెక్కపెడుతున్నారు.”

“ఎంతకాడ ఆగింది?”

“పదకొండు.”

చేతిలో బకెట్టు కింద పెట్టింది. అది పాత ఆపరేషన్ గది అని చెప్పింది. దొరసానమ్మ వచ్చిన కొత్తలో, రక్తం అద్దే గుడ్డ ఒకటి కడుపులో ఉండగానే కుట్టేస్తే ఒకామె చనిపోయిందట. ఆ ఆదివారం దొరసానమ్మ చర్చిలో అందరి ముందూ నిలబడి, “నా చేత్తో చంపాను” అని చెప్పి, చనిపోయినామె మొగుడి కాళ్లు పట్టుకుందట. అప్పటినుంచి ఆపరేషన్‌కి పన్నెండే గుడ్డలు తీసుకుని, వాడిన ప్రతి గుడ్డనూ గోడమేకుకి తగిలించి పైకి లెక్కపెట్టేదట. పన్నెండూ రాకపోతే కుట్టేది కాదు. అదే తన ప్రార్థన అనేదట.

“పన్నెండు రాలేదంటే లోపల ఉన్నట్టేనయ్యా. పొయ్యి డాక్టరుకి చెప్పు, కడుపు ఫొటో తియ్యమను. నీ తోడబుట్టిందయ్యా!”

“నీ దొరసానమ్మ చచ్చి మట్టయిపోయింది. నీ కథలు నా దగ్గర చెప్పమాక,” అన్నాను. తనే నర్సుకి చెప్పబోతే అడ్డుపడ్డాను. దయ్యం మాట విని స్కానింగు చేయించాడని రేపు ఊళ్లో అంటారు. నాకు గుర్తొచ్చింది అది. విజయ కాదు.

పైగా నాకు ఆధారం కూడా ఉంది. ఆపరేషన్ కాగితంలో గుడ్డలు పన్నెండూ సరిపోయాయని రాసి ఉంది.

రెండు రోజుల తర్వాత విజయకు స్పృహ తప్పితే గుంటూరు తీసుకెళ్లాం. అక్కడ మళ్లీ కోశారు. అరచేతంత గుడ్డ. అప్పటికే విషం ఒళ్లంతా పాకింది. నాలుగో రోజు పోయింది.

హేతువాదానికి మొదటి సూత్రం, చెప్పింది ఎవరైనా సరే, పరీక్షించు అని. వేల మందికి ఆ మాట చెప్పాను. పది నిమిషాల పరీక్ష, నేను చేయించలేదు. దొరసానమ్మ తన తప్పును వారం తిరక్కుండా నలుగురిలో ఒప్పుకుంది. నాకు మూడేళ్లు పట్టింది. విజయ భర్త, మా బావకి కూడా ఈ సంగతి ఇది చదివాకే తెలుస్తుంది.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. ఎవరి ఫోనో అనుకున్నాను. నా భయమే అనుకున్నాను. కానీ ఆ గుడ్డల కథ వినకముందే నా భయానికి పదకొండు అంకె ఎలా తెలిసింది? ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు, అదే వేళకి, అదే బెంచీ మీద కూర్చున్నాను. కాకుల అరుపులు తప్ప ఏమీ లేదు.

ఒకసారి మరియమ్మ చూసింది. ఏమీ వినపడటం లేదన్నాను.

“ఇంకేం వినపడిద్దయ్యా?” అంది. “పన్నెండోది దొరికిందిగా.”