చీటీ లేని మోటారు

కొల్లేరు నీళ్ళు దిగాయనీ, కైకలూరు రోడ్డు మళ్ళీ వదిలారనీ తెలిసిన రోజున ఏలూరులో నా అంత సంతోషించినవాడు ఇంకొకడు ఉండడు. పన్నెండు రోజులు ఆ హైవే నీళ్ళ కిందే ఉంది. అన్నాళ్ళూ గుడివాడ మీదుగా చుట్టు తిరిగి, నడుం పడిపోయేలా బండి నడిపాను. నాది మోటార్లు రీవైండింగ్ చేసే కొట్టు, మా నాన్న పెట్టింది. కలిదిండి, మండవల్లి వైపు రొయ్యల చెరువుల్లో నీటిని చిలికి గాలి పట్టించే ఏరేటర్లు ఉంటాయి. వాటి మోటార్లు కాలిపోతే పాత తీగ పీకేసి కొత్త తీగ చుట్టి, బండి వెనక కట్టుకెళ్ళి బిగించి వస్తాను. ఇరవై ఏళ్ళుగా నా బతుకు ఆ రోడ్డు మీదే.

రోడ్డు వదిలిన మర్నాడు తెల్లవారుతూనే కలిదిండి నుంచి ఫోను వచ్చింది. నేను బాబాయి గారని పిలిచే చెరువు రైతు.

"భాయ్ గారూ, మబ్బు పట్టేసిందండీ. ఒక్క ఏరేటరే తిరుగుతోంది. రొయ్య గట్టు వారకి వచ్చేస్తోందండీ. మన మోటారు అయ్యిందాండీ?"

మోటారు అయ్యింది. లోపల పోసిన వార్నిష్ ఇంకా పూర్తిగా ఆరలేదంతే, నీటిచుక్క తగలకూడదు. గోనెలో చుట్టి, దానిపైన నా రెయిన్ కోటు కప్పి, బండికి బిగించి కట్టాను. మబ్బు రోజున చెరువులో గాలి తగ్గిందంటే ఆ పంట గంటల్లో పోతుంది. టీ కూడా తాగకుండా బయలుదేరాను.

రోడ్డంతా ఎండిన బురద, వంతెన రెయిలింగులకు వేలాడుతున్న గుర్రపుడెక్క. అయినా ఆ ఉదయం బండి మీద పాట పాడుకున్నాను, నిజం. వంతెన దిగగానే బారికేడ్లు పెట్టి ఉన్నాయి. ఎస్సై గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేరు రాయను. రాయకూడదని కాదు, ఆ పేరు నా చేత్తో రాయడం ఇష్టం లేక.

నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. లేచి వచ్చి, నన్ను ఒక్క మాట అడగకుండా బండి తాళం పీకేసి జేబులో వేసుకున్నాడు.

"ఏంటది? విప్పు."

"ఏరేటర్ మోటారండీ. తడవకూడదండీ, చినుకులు పడుతున్నాయి కదండీ..."

"విప్పమన్నానా!"

విప్పాను. చూశాడు. బూటుతో ఒకసారి కదిపి, తర్వాత కాగితాలు అడిగాడు. అన్నీ ఉన్నాయి, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు మాత్రం దాటిపోయింది. ఊళ్ళు మునిగిన పన్నెండు రోజుల్లో దాన్ని చూసుకున్నవాడెవడు? జరిమానా రాసుకోండి, కట్టేస్తాను, అక్కడ చెరువు పోతోంది అని బతిమాలాను. చేతులు కూడా కట్టుకున్నాను. నా కళ్ళముందే కార్లు పోయాయి, పాల వ్యాను పోయింది, ఎవరిదో గృహప్రవేశానికి కుర్చీలు మోస్తున్న ట్రాక్టరు పోయింది.

"చెరువులోళ్ళకి రోజూ ఏదో ఒకటి పోతూనే ఉంటుందిలే. పక్కన నిలబడు," అన్నాడు.

తర్వాత జీపెక్కి టిఫినుకు వెళ్ళిపోయాడు. నా తాళం వాడి జేబులోనే పోయింది. కానిస్టేబుల్ ముసలాయన తలొంచుకుని, "వచ్చేస్తారు లెండి," అన్నాడు. రెండున్నర గంటలు. రెయిన్ కోటు మళ్ళీ మోటారు మీద కప్పి నేను వానలో నిలబడ్డాను. బాబాయి గారి ఫోను మోగుతూనే ఉంది. మొదటి మూడుసార్లు ఎత్తి, పోలీసులు ఆపారండీ, వచ్చేస్తున్నానండీ అని చెప్పాను. తర్వాత ఎత్తలేదు.

వాడు తిరిగొచ్చి తాళం ఇచ్చాక నేను చేరేసరికి బాబాయి గారు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చచ్చిన రొయ్యల్ని చేతివలతో ఎత్తి గట్టు మీద పోస్తున్నారు. నన్ను చూసి, "మీరేం చేస్తారండీ, పోలీసోళ్ళు కదా," అన్నారంతే. తిట్టినా బాగుండేది. తడిసిన మోటారు బిగించి స్విచ్ వేస్తే రెండు నిమిషాలు గుయ్యిమని మూలిగి ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఆ వంతెన దాటినప్పుడల్లా వాడి కోసం ఒక కొత్త శిక్ష ఆలోచించేవాడిని. వాడి జీపు కొల్లేట్లో దిగబడాలి. గుర్రపుడెక్కలో నడుం లోతున నిలబడి వాడు నన్నే తాడు అడగాలి. నేను నింపాదిగా బండి స్టాండు వేసి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా సార్ అని అడగాలి. ఇలా అనుకుంటూ హెల్మెట్ లోపల పైకే నవ్వుకునేవాడిని. ఇంట్లో నా భార్య అన్నం పెడుతూ, ఎవరి మీద పళ్ళు నూరుతున్నారని అడిగేది.

రెండు నెలలు తిరక్కుండానే ఒక ఆటో నా కొట్టు ముందు ఆగింది. అందులో కాలిపోయిన ఏరేటర్ మోటారు. వెంట వచ్చినవాడు చెరువు కాపలాదారుడట.

"కలిదిండి నుంచండీ. ఎస్సై గారి చెరువుదండీ. కాగితాల్లో వాళ్ళ బావమరిదిది అనుకోండి. కొంచెం తొందరగా చేసివ్వమన్నారండీ."

ఏ ఎస్సై అని అడిగాను. వాడే. చెరువు ఎక్కడని అడిగాను. బాబాయి గారి చెరువు పక్కదే, మధ్యలో ఒక్క గట్టు.

ఎంత సంతోషం కలిగిందో చెబితే మీరు నన్ను మెచ్చుకోరు. అయినా చెబుతాను, పండగ రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు. కాపలాదారుడికి టీ తెప్పించి ఇచ్చాను.

ఆ మోటారుకు పట్టాల్సిన తీగ కంటే ఒక గేజ్ సన్నది తీసి చుట్టాను. పైకి చూస్తే ఎవరికీ తెలియదు. తిరుగుతుంది, నాలుగు వారాలో ఐదు వారాలో బాగానే తిరుగుతుంది. ఏదో ఒక తెల్లవారుజామున వోల్టేజి పడిపోయి, నీటి బరువు మీద పడినప్పుడు వేడెక్కి మాడిపోతుంది. అప్పుడు వాడూ గట్టు మీద నిలబడి ఫోన్లు చేసుకుంటాడు. అంత ఓపికగా, అంత అందంగా నేను ఎప్పుడూ చుట్టలేదు.

ఒక్కటి మాత్రం చేయలేకపోయాను. మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. చుట్టడం అయ్యాక తేదీ, చుట్టినవాడి పేరు చిన్న చీటీ మీద రాసి, మడిచి, తీగ చుట్టల మధ్య దారంతో కట్టాలి. ఎన్నేళ్ళకు విప్పినా ఎవరి చేతిదో తెలియాలి అనేవాడు. కలిదిండి రైతులందరికీ ఆ చీటీ సంగతి తెలుసు. పెన్ను తీశాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. చీటీ లేకుండానే మూత బిగించాను.

నెల దాటింది. ఒక రోజు మధ్యాహ్నం బాబాయి గారే మోపెడ్ మీద, కాళ్ళ దగ్గర గోనె పెట్టుకుని నా కొట్టుకు వచ్చారు. గడ్డం పెరిగి ఉంది.

"మళ్ళీ పోయిందండీ పంట. సగం పైనే పోయింది."

రెండోసారి వేసిన పంట అది. ఏమైందండీ అన్నాను.

"మొన్న తెల్లారకముందు మన మోటారు ఆగిపోయిందండీ. మీకు తెలుసుగా, ఎవరి చెరువులో గాలి తగ్గినా పక్కోళ్ళు ఏరేటర్ ఇస్తారు కదా. ఎస్సై గారి కాపలా అబ్బాయి ఆయనకి ఫోన్ చేస్తే, ఇచ్చేయరా, ముందు ఆయన చెరువు బతకనీ అన్నారంటండీ. ఆ పోలీసాయన అలా అంటాడని ఎవరనుకుంటారండీ! అది పెట్టాం. గంట తిరిగి మాడిపోయింది. ఇంకోటి తెచ్చుకునేలోపే..."

గోనె విప్పారు. నేను ముట్టుకోకుండానే గుర్తుపట్టాను. పద్ధతి ప్రకారం మూత తీయాలి కాబట్టి తీశాను. నల్లగా మాడిన నా తీగ. బాబాయి గారు వంగి, చుట్టల మధ్య వేలుపెట్టి వెతికారు.

"చీటీ లేదు. మీ చేతిది కాదు కదండీ. ఏ దొంగ వెధవ చుట్టాడో గానీ, వాడి చేతులు పడిపోను."

"నాది కాదండీ," అన్నాను.

"అరువు తెచ్చిన మోటారు కదండీ, బాగుచేసి ఇవ్వాలి. మీరైతే నమ్మకంగా చుడతారని తెచ్చాను."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సరైన తీగతో చుట్టాను, చీటీ రాసి కట్టాను. ఆయన ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు, పంట పోయింది కదా అని వంక పెట్టాను. వార్నిష్ పూర్తిగా ఆరాక బండికి కట్టుకుని బయలుదేరాను.

వంతెన దగ్గర వాడే ఉన్నాడు. చెయ్యి ఎత్తాడు, ఆగాను. గోనె సందులోంచి మోటారు మీద పెయింటుతో రాసిన తన చెరువు నంబరు చూసి, "ఓ, మనదేనా? పోనీ, పోనీ," అంటూ దారి ఇచ్చాడు. ఒళ్ళు మండిపోయింది. మోటారు వాడిదైతే ఒక్క నిమిషం కూడా ఆగనక్కర్లేదన్నమాట. ఆ మంట కాసేపు నాకు హాయిగానే ఉంది. కైకలూరు దాటేవరకు వాడిని తిట్టుకుంటూనే వెళ్ళాను.

చెరువు దగ్గర బాబాయి గారు, కాపలాదారుడు పక్కపక్కన కూర్చుని వల బాగుచేస్తున్నారు. కాపలాదారుడు నన్ను చూసి గుర్తుపట్టినట్టు నవ్వాడు. అంతకుముందు ఆ మోటారు ఎక్కడ చుట్టించారో అతనికి తెలుసు. బాబాయి గారు ఇంకా అతన్ని అడగలేదు.

"చీటీ పెట్టారాండీ?" అన్నారు ఆయన, లేచి ఎదురొస్తూ.

"పెట్టానండీ," అన్నాను. ఆయనతో ఈమధ్య చెప్పిన నిజం ఆ ఒక్కటే.