చెవి మిషన్ల ప్రకటన

బేతంచెర్లలో మాకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. షెడ్డు ముందున్న చిన్న గదిని ఆఫీసంటాం. అందులో ఉన్న కంప్యూటర్ ఒక్కటే. లెక్కలకు నేను వాడతాను, కొనేవాళ్లకు బండల రంగులు చూపించడానికి మా ఆయన వాడతాడు. పాస్‌వర్డ్ పెడదామంటే "మన ఆఫీసుకు మనమే బీగం ఏసుకోవాల్నామే" అని కొట్టిపారేశాడు.

ఆ రోజు రాయచోటి నుంచి ఒక షావుకారు వచ్చాడు. మా దగ్గర సరుకు అడగడం అదే మొదలు. మా ఆయన ఇంటి నేలల ఫొటోలుండే సైటు తెరిచాడు. ఫొటోల పక్కనే చెవి మిషన్ల ప్రకటన. వేరే సైటు తెరిస్తే అక్కడా అదే, ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏమప్పా, బండలతో పాటు చెవి మిషన్లు గూడా అమ్ముతాండావా?" అన్నాడు షావుకారు.

నాకు నవ్వొచ్చింది. మా ఆయన నా ముఖం చూసి, తర్వాత తనూ నవ్వాడు. టీ చెప్పొస్తానని లేచినవాడు షెడ్డులోకి పోయి మళ్లీ రాలేదు. బేరం నేనే ముగించాను.

షావుకారు వెళ్లాక నాకు ఒళ్లు మండింది. కొనేవాళ్ల ముందు ఈ పిలవని పేరంటం ఏమిటి? డోన్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా చెల్లెలికి ఫోన్ చేసి, తప్పంతా దానిదే అయినట్టు అరిచాను.

"అది ఊరికే రాదక్కా," అంది. "మీ కంప్యూటర్లో ఎవురో చెవి మిషన్ల సైటు చూసింటారు. తెరుస్తానే కుకీలు ఒప్పుకుంటారా అని అడిగింటాది. అడ్డం పోతే చాలని 'అన్నీ ఒప్పుకుంటా' నొక్కింటారు. వద్దని నొక్కేదానికి గూడా ఆడనే ఉంటాది, శానామంది చూడరు."

"ఒప్పుకుంటే ఏమవుతాది?"

"బ్రౌజర్లో చిన్న గుర్తు పెట్టి పోతారు. కొన్ని ఆ సైటు సొంతవి, వాటితో మనకు పని ఉండాది. నువ్వు రోజూ పాస్‌వర్డ్ కొట్టకుండానే మెయిల్లోకి పోతాండావే, అది వాటి వల్లనే. కొన్ని ప్రకటనల కంపెనీలవి. వాళ్ల ప్రకటన యాడుంటే ఆడ మీ కంప్యూటర్ను గుర్తుపడతారు. చూసిన మనిషి ఎవురో తెలీకపోయినా."

"ఈడ ఎవురూ చూళ్లేదు. హిస్టరీ గూడా చూసినా. అట్లాంటి సైటే లేదు. నిన్న మధ్యాహ్నానిదైతే అసలేమీ లేదు."

"అయితే తుడిచినారు. హిస్టరీ ఒకటే తుడిస్తే కుకీలు పోవక్కా. అవి వేరే."

నిన్న మధ్యాహ్నం నేను కర్నూలులో ఉన్నాను. ఆఫీసులో ఉన్నది మా ఆయన ఒక్కడే.

మా షెడ్డులో మిషన్లు తిరుగుతుంటే పక్కమనిషి మాట కూడా వినపడదు. అందుకే పనివాళ్లంతా చేతి సైగలతో మాట్లాడుకుంటారు. ఆ అలవాటు మా ఆయనతో పాటు ఇంటికీ వచ్చింది. చారు పొయ్యాలా, మజ్జిగ పొయ్యాలా అని అడిగితే చేత్తో చెప్పమంటాడు. "ఇదేమన్నా షెడ్డా, నాకు నోరు లేదా" అని కసిరేదాన్ని. బండల పని చేసే ఇళ్లలో మగవాళ్లంతా ఇంతే అనుకున్నాను. మా అత్త అనుకుంది, పిల్లలూ అనుకున్నారు. ఆయనకు సరిగ్గా వినపడదని ఎవరికీ తట్టలేదు.

ఎందుకు దాచాడో నాకు తెలుసు. మా బేరాలన్నీ నోటిమాట మీదే. వినపడదని బయటపడితే షావుకార్లు తన ఎదుటే గుసగుసలాడుకుని రేటు విరగ్గొడతారని, అందరిలో చులకనైపోతానని ఆయన భయం.

చెల్లెలు చెప్పినట్టు సెట్టింగుల్లోకి పోయి ప్రకటనల కంపెనీలు పెట్టే థర్డ్ పార్టీ కుకీలు ఆపేశాను. పాతవాటిలో ఆ సైటువీ ప్రకటనలవీ మాత్రమే చూసి తీసెయ్యమంది. నాకంత ఓపిక ఎక్కడిది, మొత్తం ఊడ్చేశాను. దాంతో మెయిలు, బిల్లుల సైటు, అన్నీ పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టాయి. నాకు ఒక్కటీ గుర్తు లేదు. పోతే పోయాయి. ఎన్ని పేజీలు తిప్పినా ఆ ముసలాయన మాత్రం మళ్లీ కనపడలేదు. ఇక ఏ షావుకారు వచ్చినా భయం లేదు.

షెడ్డులోకి వెళ్లాను. మిషన్లు తిరుగుతున్నాయి. ఆయన ఒక బండ మీద తడి చూస్తున్నట్టు వంగి ఉన్నాడు. భుజం తట్టి, పనివాళ్లకు కనపడకుండా వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను. ఇన్నేళ్లూ తిట్టడమే గానీ ఆ సైగలు నేను నేర్చుకున్నది లేదు. నా చెవి ముట్టుకున్నాను. కర్నూలు రోడ్డు వైపు చూపించాను. రెండు వేళ్లు కలిపి చూపించాను, ఇద్దరం అని.

ఆయన నా చేతిని చూశాడు, కళ్లు దించుకున్నాడు. తర్వాత మణికట్టు తిప్పి ఎప్పుడని అడిగాడు.

రేపు అనడానికి సైగ నాకు తెలియదు. "రేపు" అని నోటితోనే, మెల్లగా అన్నాను. అంత మోతలోనూ ఆయన సరేనని తలూపాడు. అప్పుడు గమనించాను, ఆయన చూస్తున్నది నా పెదాలను. ఇంట్లో కూడా ఆయన ఎప్పుడూ అక్కడే చూస్తాడు.